చెక్క చేప

గురుమూర్తి చేపల వల చివరి సంచిని రెండు కొక్కేల నడుమ బిగువుగా లాగి, దానికి కుట్టిన చదరపు కళ్ల కిటికీ కిందికి వచ్చేలా తిప్పి, లోపలికి చెక్క చేపను వదిలాడు. అరచేతి పొడవున్న ఆ చేప జారుతూ జారుతూ వచ్చి, కిటికీ కన్నులో తల ఇరుక్కుని ఆగిపోయింది.

బయట లారీ హారన్ మోగింది.

బాగలూరు దారిలోని ఆ వలల షెడ్డులో సముద్రం చూసినవాడు అతనొక్కడే. నెల్లూరు తీరాన వయసంతా మరపడవల మీద గడిచింది. రొయ్యల కోసం లాగిన వలలో ఊపిరాడక చచ్చిన పిల్లచేపల్ని పారతో తిరిగి నీళ్లలోకి నెట్టడం అతని పని. మోకాళ్లు అరిగాక కూతురు దివ్యశ్రీ వెంట హోసూరు చేరి, ఇక్కడ వలలకు కిటికీలు కుట్టిస్తున్నాడు. మామూలు వల కళ్లు లాగినప్పుడు మూసుకుపోతాయి. చదరపు కళ్ల కిటికీ తెరుచుకునే ఉంటుంది, పిల్లచేపలు బయటపడతాయి. ఒకే ఒక్క పడవ యజమాని, ఒకే ఒక్కసారి, చూస్తానన్నాడు. ఈ వల సరిగ్గా పనిచేయకపోతే మరొకరు ఒప్పుకోరు.

"తప్పు యాడుందన్నా?" అంది ఆ కిటికీ కుట్టిన మారక్క.

అతను అతుకును గోటితో మీటాడు. తీగలా పలికింది. "ప్రతి ముడీ బిగించేశావమ్మా. కిటికీ ముడుచుకుపోయింది."

"కనకాంబరాలు కట్టిన చేతులన్నా ఇవి. వదులైతే పూలు రాలిపోతాయని మాయమ్మ మొట్టికాయలు వేస్తా వుండె."

"ఇక్కడ రాలాలమ్మా. రాలడానికే కుడుతున్నాం."

లారీ డ్రైవరు మాదేశ్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమక్కా, వల కుడతా వుండావా, పెండ్లికూతురికి జడ అల్లతా వుండావా? చీకటి పడకముందే కృష్ణగిరి దాటల్ల నేను!"

"ముందు నీ నోటికి కుట్టేస్తా. పోప్పా ఆడికి!"

మారక్క ఇటు తిరిగి ఉలిక్కిపడింది. గురుమూర్తి చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుంది. పొద్దున్నుంచీ అతని ఎడమచేయి లోలోపల సలుపుతూనే ఉంది.

"ఏమన్నా ఇట్లైపోయినావు? ఆస్పత్రికి పోదాం రా."

"ముందు కుట్టు విప్పు."

అతను గోడవారన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కత్తెర తీసింది. పాత ముడులు టప్ టప్‌మని తెగాయి, కొత్త ముడులు ఒక్కొక్కటే పడ్డాయి. వేళ్లు బిగించబోయినప్పుడల్లా వెనకనుంచి "వదులు" అనేవాడు. ఆమె వదిలేది. ముడి, "వదులు." ముడి, "వదులు." ఆ మాట సన్నబడింది. తర్వాత వట్టి ఊపిరిగా వినిపించింది. తర్వాత ఫ్యాను చప్పుడే మిగిలింది. అప్పటికి ఆమె వేళ్లు వాటంతటవే వదులుతున్నాయి.

చివరి ముడి వేసి, తాడు లాగి, చేపను లోపలికి వదిలింది. కళ్లు తెరుచుకునే నిలిచాయి. చెక్క చేప కిటికీలోంచి జారి గచ్చు మీద టక్కున పడి, దొర్లి, అతని పాదం దగ్గర ఆగింది.

"రాలిందన్నా! సూడు!"

అతను వంగలేదు.

మరునాడు మాదేశ్ హారన్ కొట్టకుండా వచ్చి, ఖాళీ స్టూలు పక్కనుంచి వలను లారీకెత్తాడు. స్టూలు కింద, వేళ్లు రాసి రాసి నునుపెక్కిన చెక్క చేప, వాకిలి వైపు తల పెట్టి అలాగే పడి ఉంది.