రేయికుండ

"వద్దని నేను చెప్పలేదు. ఎందుకని అడుగుతా ఉండా," అంది రాజాత్తి మళ్ళీ.

"నువ్వు అడిగేదే వద్దన్నట్టు ఉండాది," అన్నాడు రామకృష్ణన్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"దినమూ మజ్జాన్నం మీ అమ్మను పండుకోనీకుండా ఫోను ముందర కూర్చోబెట్టి మాట్లాడిస్తా ఉండాది మీ కూతురు. పెద్దామె ఏదో ఒకటి అనేసి, అది ఊరంతా పోయిందంటే?"

"ఏం అంటుంది? ఏ మేకకు ఏ జబ్బు చేసిందో చెప్తుంది. పోనీ ఊరంతా."

"మీకేమి, మీరు చేనికి పోతారు. ఇంట్లో ఉండేది నేను."

రామకృష్ణన్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రాజాత్తి వంటింట్లోకి వచ్చి, చెయ్యాల్సిన పనేమీ లేకపోయినా నిలబడింది. అక్కడినుంచి వెనకింటి అరుగు మీద మాటలు బాగా వినిపిస్తాయి.

అరుగు మీద ఆర్తి, వాళ్ళ అవ్వ పొన్నమ్మాళ్ కూర్చుని ఉన్నారు. ఆర్తి చెన్నైలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి, కోవిల్‌పట్టి ఇంట్లోంచే పని చేస్తోంది. వాళ్ళు చేస్తున్న ఆటలో వానలు లేని లోకం ఒకటుంది. దానిలోని ఊళ్ళకీ, కొండలకీ, జంతువులకీ పేర్లు పెట్టడం ఆర్తి పని. ఈ పని నచ్చితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మొదట పంపిన పేర్లన్నీ తిరిగొచ్చాయి. నీడకోట, మంచుకత్తి, ఉక్కుతోడేలు అని రెండేసి మాటలు అతికించి పంపింది. ఇట్లాంటి కథలన్నిటిలో పేర్లు అట్లాగే ఉంటాయట.

"ఉక్కుతోడేలా? అది ఏం తింటుందే, తుప్పా?" అంది రాజాత్తి అప్పుడు.

"పోమ్మా. మా మేనేజర్ కూడా అట్లే నవ్వినాడు. ఏ ఆటలో చూసినా ఇవే పేర్లంట. ఎవరో ఒకరు నిజంగా వాడిన మాట మాదిరి ఉండాలంట."

ఆ రోజు సాయంత్రమే, చేనినుంచి వచ్చిన కొడుకు కాళ్ళు చూసి పొన్నమ్మాళ్, "కాకిమన్నంతా ఇంట్లోకి తెచ్చినావు, కడుక్కో పోరా," అంది. ఆర్తి తలెత్తింది. కాకిమన్ను. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, అప్పుడే కొత్తగా విన్నట్టు చూసింది.

అవ్వ దగ్గర అట్లాంటివి ఎన్నో ఉన్నాయి. నల్లరేగడి ఆమెకు కాకిమన్ను. నల్ల మేక కాకిమేక. ఎర్రచీర మిరపకోక. చందమామ రేయికుండ. పున్నమినాడు కుండ నిండినాది అంటుంది. నెలవంకను కుండపెంకు అంటుంది. అమావాస్యకు కుండ బోర్లించినారు అంటుంది. అరవంలోనూ ఇంగ్లీషులోనూ ఆడుకునే వాళ్ళకు ఈ తెలుగు మాటలు నిజంగానే ఇంకో లోకంలోవిలా ఉన్నాయని మేనేజర్ మెచ్చుకున్నాడు. ఆటలో అన్నిటికన్నా పెద్ద పట్నానికి రేయికుండ అని పేరు ఖాయం చేశాడు. కాకపోతే ఒక్కో పేరు కింద, ఆ మాట ఎందుకు పుట్టిందో రెండు మూడు వాక్యాలు కావాలన్నాడు.

కాకిమన్ను సంగతి రాజాత్తే చెప్పింది. పొన్నమ్మాళ్ మామగారి పేరు నల్లసామి. కోడలు మామ పేరు నోట పలకకూడదు కాబట్టి నల్ల అన్న మాటే ఆమె నోట రాదు. బావగారు ఎర్రప్పన్. అందుకని ఎర్ర అన్న మాటా పోయింది. ఆ పట్టింపు లేని రాజాత్తి, కాపురానికి వచ్చిన కొత్తలో "నల్లసామి తాత చేను ఇదేనా అత్తా?" అని అడిగి, నీళ్ళ చెంబు ఠప్పున కింద పెట్టించుకుంది. పేరు పలికింది తను, మండిపడింది ఆమె.

"అయితే రేయికుండ ఎవరివల్ల వచ్చింది?" అంది ఆర్తి.

రాజాత్తికి తెలియదు. ఆ ఇంట్లో ఎవరి పేరులోనూ చంద్రుడు లేడు. పొన్నమ్మాళ్ భర్త దామోదరసామి, పోయి ఏళ్ళయింది. ఆయన తమ్ముళ్ళు, బాబాయిలు, పెదనాన్నలు అందరినీ రాజాత్తి మనసులో వరసగా నిలబెట్టి చూసుకుంది. ఒక్కరూ కుదరలేదు.

"ఏం అవ్వా, చెప్పరాదా?" అని అరుగు మీద ఆర్తి అడుగుతోంది ఇప్పుడు.

"మరిచిపోయినా పాపా."

"నువ్వా? మరిచిపోవడమా?"

"వయసయ్యింది గదా. సుమ్మా, ఊరికే వచ్చిన మాట. ఆ గోరుచిక్కుళ్ళు ఇట్లా తే."

రాజాత్తి వంటింట్లో కదలకుండా నిలబడింది. పాతికేళ్ళ కిందట తను ఉప్పు ఎక్కువేసిన పులుసును ఇప్పటికీ ఏ పండగకో చెప్పగల మనిషి, మరిచిపోయిందట.

ఆ తర్వాత ఆమె కళ్ళు అత్తగారి మీదే ఉన్నాయి. ఒకసారి చూడటం మొదలుపెడితే కనిపించేవి ఎక్కువవుతాయి. పొన్నమ్మాళ్ వీధిలో అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. పాలు తెచ్చే వెళ్ళైయమ్మాళ్‌ను, ఇస్త్రీ చేసే తంగపాండిని, ఎదురింటి సరవణకుమార్‌ను, అతని కుక్కను కూడా. మోటారు బాగుచేసే చందిరన్‌ను మాత్రం కరెంటాయన అంటుంది. ఆ పేరులో చంద్రుడున్నాడని మొన్నటిదాకా రాజాత్తి పట్టించుకోలేదు.

గురువారం మోటారు ఆగిపోయింది. రాజాత్తి అతన్ని పిలిపించి, కావాలనే లోపలే ఉండిపోయింది.

"అత్తా, వాకిట్లో ఎవరో వచ్చినట్టుండారే."

"కరెంటాయన."

"ఆయన పేరేందో నోట్లోనే ఉండాది, రాదు. ఒకపరి పిలవండి అత్తా, చేతులు తడిగా ఉండాయి."

పొన్నమ్మాళ్ తలుపు దాకా వచ్చి కోడలి చేతుల వంక చూసింది. అవి పొడిగానే ఉన్నాయి.

"నాకూ రాలేదు," అంది. "నువ్వే తుడుచుకొని పోయి పిలువు."

రాజాత్తి పోయి చందిరన్‌ను పిలిచింది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడది మింగేది అత్తింటి పేర్లే. పుట్టింటివాళ్ళ పేర్లు పలకవచ్చు, ఊళ్ళోవాళ్ళ పేర్లు పలకవచ్చు. మొగుడి పేరు, ఆయన పెద్దల పేర్లు మాత్రమే పలకకూడదు. ఈ అత్తింట్లో చందిరన్ ఎవరూ లేరంటే, ఆమెకు ఇంకో అత్తిల్లు ఉండి ఉండాలి.

ఆ మాట రామకృష్ణన్‌తో అనలేకపోయింది. రాత్రి భోజనాల దగ్గర, "రేయికుండ అని మీ నాయన కూడా అనేవారా?" అని మాత్రం అడిగింది.

"అనేవాడు. మాకు నేర్పిందే ఆయన. యాటికి?"

"సుమ్మా."

"ఈ ఇంట్లో అందరూ సుమ్మానే," అన్నాడు అతను, మజ్జిగ పోసుకుంటూ.

మర్నాడు, వదినెకు కొత్త ఉద్దులు ఇచ్చి వస్తానని చెప్పి, మినుముల సంచి పట్టుకుని రాజాత్తి విరుదునగర్ బస్సెక్కింది. రామకృష్ణన్ అక్క గురువమ్మాళ్ అక్కడే బజారు వెనక ఉంటుంది. భర్తది ఎండుమిరపకాయల వ్యాపారం. ఇంట్లో అడుగుపెట్టగానే తుమ్ము వస్తుంది, ఆ ఇంటివాళ్ళకు తప్ప.

ఉద్దులు నానబెట్టడం గురించి కొంతసేపు, మోకాళ్ళ నొప్పుల గురించి కొంతసేపు మాట్లాడుకున్నారు. తర్వాత రాజాత్తి ఆర్తి ఉద్యోగం సంగతి చెప్పి, పేర్ల సంగతి చెప్పి, చివరికి చందిరన్ దగ్గరికి వచ్చింది.

గురువమ్మాళ్ ముఖం మారింది.

"నీకు యాటికే ఈ తవ్వకాలు? తోచలేదంటే కోళ్ళు పెంచుకో."

"నేను తవ్వలేదు వదినె. సోమవారంలోగా పాప కారణం రాసియ్యకపోతే వాళ్ళే ఏదో కట్టి రాస్తారంట. రాక్షసుడు వెలుతురును కుండలో దాచినాడని."

"రాసుకోనీ. రాక్షసుడైతే మనకేం పోయింది?"

అంతలోనే ఆమె లేచి వెళ్ళి, ఫ్యాను వేగం పెంచి, మళ్ళీ కూర్చుంది. అడగకుండానే మాట్లాడింది.

"నా చిన్నప్పుడు. అమ్మతో ఒట్టపిడారం సంతకు పోయినాము. ఒక ముసలామె అమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్చింది. అప్పురం నా గడ్డం ఎత్తి చూసింది. 'వాడి పోలిక లేదే' అనింది. 'ఎట్లా ఉంటుంది అత్తా' అనింది అమ్మ. అత్తా అనింది రాజాత్తి! అమ్మకు అత్తంటే మా అవ్వ, ఇంట్లో బతికే ఉండింది అప్పుడు."

"మీరు అడగలేదా?"

"ఏమని అడిగేది? నేను ఎవరి బిడ్డనని అడిగేదా?"

రాజాత్తి అంతదాకా ఆలోచించలేదు. బస్సులో వస్తున్నప్పుడు ఆమెకు కొంచెం ఉత్సాహంగా కూడా ఉండింది, అది దాచుకోవడమెందుకు. ఇప్పుడు అరవై దాటిన ఈ ఆడమనిషి, గోడ మీది అద్దంలోకి ఒకసారి చూసుకుని కళ్ళు తిప్పుకోవడం చూసి, ఉద్దులు కొరియర్‌లో పంపి ఉంటే బాగుండేదనిపించింది.

"ఆదివారం వస్తా," అంది గురువమ్మాళ్. "మొదలుపెట్టినావు గదా."

ఆదివారం వచ్చీ రావడంతోనే ఆమె తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెప్పేసింది. రామకృష్ణన్ పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"చచ్చిపోయిన మా నాయనకు ఈ పేరు తెస్తావా నువ్వు? ఒక ఆట కోసమా?" తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఆ మాట తీసెయ్ పాపా. ఇంకేదన్నా పెట్టుకో. ఉక్కుతోడేలే పెట్టుకో."

"నాయనా, పట్నం పేరే అది. ఉద్యోగం..."

"పోతే పోనీ."

పొన్నమ్మాళ్ పెరట్లోంచి గోరుచిక్కుళ్ళ చేటతో వచ్చి, అందరి మధ్యలో కూర్చుంది. ఎవరినీ చూడలేదు. కాయ ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసింది.

"గట్టిగా అరవొద్దు. నాకు చెవులు బాగానే ఉండాయి," అంది.

గురువమ్మాళ్ ఆమె ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నేను ఎవరి బిడ్డను?"

పొన్నమ్మాళ్ చేతిలో కాయ ఆగిపోయింది. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం ఆమె అనుకోలేదు. కూతురి ముఖంలోకి చూసింది.

"అయ్యో పావమే. దీన్ని మోసుకొనా తిరిగినావు, ఇన్నాళ్ళూ? నువ్వు మీ నాయన బిడ్డవి. ఆ ముక్కు చూడు, ఎవరిదది? ఆయన పోయినాక రెండేండ్లు నేను మా అమ్మింట్లో ఉంటిని. అప్పురమే నేను ఈ ఇంటికి వచ్చింది. నువ్వు అదీ దాటినాక పుట్టినావు."

"ఆయన అంటే?" అన్నాడు రామకృష్ణన్.

"ఒట్టపిడారం పక్క. నాకు ఊహ కూడా సరిగా లేదు. పెళ్ళయిన ఏడే, బావి తవ్వతా ఉంటే రాతికి పెట్టిన మందు ముందే పేలింది. మంచోడు. పాట బాగా పాడేవాడు. అంతే తెలుసు నాకు, ఇంకా తెలుసుకొనేలోగా అయిపోయింది. మా నాయన నన్ను తీసుకొచ్చినాడు. ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు మా మామ, ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఎవరూ ఎత్తలేదు. నా నోటికి మాత్రం ఆ పేరు మింగే అలవాటు పోలేదు."

"నాయనకు తెలుసునా?" రామకృష్ణన్ గొంతు తగ్గింది.

"తెలిసే చేసుకున్నాడు. నేను వచ్చిన కొత్తలో, ఆరుబయట అందరి ముందరా రేయికుండ అనేసినా. మా అత్త పడీపడీ నవ్వింది, ఇదేం మాటని. మీ నాయన నవ్వలేదు. ఆయనకు అర్థమయ్యింది. మర్నాడు కళ్ళంలో నూర్పిడి అయినాక పైకి చూసి, 'రేయికుండ బాగా నిండినాదే' అన్నాడు, అందరికీ వినబడేటట్టు. అప్పటినుంచి ఆయన నోట వేరే మాట రాలేదు. నేనొక్కదాన్నే అంటా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుందని గదా. ఇల్లంతా అనేటట్టు చేసినాడు."

ఆమె కోడలి వైపు చూసింది. "ఎవరికీ రాలేదు కూడా. ఈమెకు తప్ప."

రాజాత్తి తలవంచుకుంది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

రామకృష్ణన్ గోడకు ఆనుకుని కిందనే కూర్చుండిపోయాడు. గురువమ్మాళ్ కొంగుతో ముక్కు తుడుచుకుని, చేట తన ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఆర్తి ఫోను బోర్లా పెట్టేసింది.

"వద్దులే అవ్వా. ఆ పేరు తీసేస్తా. మేనేజర్‌కు నేను చెప్పుకుంటా. ఏమైతే అదవుతుంది."

"నేను అడిగినానా తియ్యమని?"

పొన్నమ్మాళ్ గిన్నెలో ముక్కలు చేత్తో సర్దింది. ఆ తర్వాత మాట్లాడిన గొంతు మామూలుగానే, పొద్దున పాలు ఎన్ని కావాలో చెప్పేటట్టే ఉంది.

"పట్నానికి ఆ పేరు ఉండనీ. రాక్షసుడూ గీక్షసుడూ వద్దు, జరిగిందే రాయి. పోయినాయన పేరు రాయి, మీ తాత పేరు రాయి. రెండూ ఉండాలి. ఒకటి పెట్టి ఒకటి వదిలేసేదైతే మాటే వద్దు. ఆ పేర్లు నేను పలకను, నన్ను అడగొద్దు. మీ అమ్మకు తెలుసు, ఆమె చెప్తుంది."