జర్మనీ విందులు

పశ్చిమ జర్మనీలోకి ఏం తీసుకుపోవచ్చో, ఏం తీసుకుపోగూడదో ఆ ఎండాకాలం బోధన్‌లో అందరికీ తెలిసిపోయింది. మార్కండేయ ఎవరినీ చెప్పకుండా వదల్లేదు మరి.

ఆయన ఫ్యాక్టరీలో పానకాన్ని గిరగిరా తిప్పి చక్కెర వేరుచేసే మిషన్ల దగ్గర ఫోర్మన్. కొత్త మిషన్లు జర్మనీ నుంచి వస్తున్నాయనీ, వాటి పని నేర్చుకోవడానికి ఆరు నెలలు అక్కడికి పంపిస్తామనీ పెద్దాఫీసరు చెప్పిన రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్లాట్‌ఫారం టికెట్ కొనని మనిషి, కటింగు షాపులో కూర్చుని కస్టమ్స్ కానూన్లు వివరించేవాడు. పచ్చి మాంసం రానివ్వరు. మొక్కలు, విత్తనాలు రానివ్వరు. సిగరెట్లు లెక్క దాటకూడదు. చేతిలో వీసా లేకపోతే కలెక్టరునైనా సరే, వచ్చిన విమానంలోనే వెనక్కి తోలుతారు. సగం గడ్డం గీయించుకున్నవాళ్లు లేచిపోయే దారిలేక అంతా వినేవారు.

భార్య శంకరమ్మకు ఇదంతా పైకి విసుగ్గానూ లోపల తియ్యగానూ ఉండేది. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపి ఆమెకు జాగా ఇస్తున్నారు. జర్మనీలో నల్లా ఎన్ని గంటలకు వస్తుందని అడుగుతున్నారు. ఆమెకు తెలియదు. అయినా పొద్దంతా వస్తుందని చెప్పేసింది.

బొంబాయి పోయి వీసా తెచ్చుకున్నాక కానూన్లలో ఇంక ఒక్కటి మిగిలింది. మసూచి టీకా వేయించుకున్నట్టు పసుపు రంగు కార్డు ఒకటి ఉండాలి.

మసూచి అనే మాట పుస్తకాల్లో ఉంటుందిగాని ఇళ్లలో ఎవరి నోటా రాదు. తల్లి అంటారు. అది కూడా అవసరమైతేనే. పేరు పలికితే పక్కింటికి కూడా చూపు తిప్పుతుందని భయం. టీకా అంటే ఆ తల్లిని తెలిసి తెలిసి ఒంటి మీదికి పిలవడమే గనక, టీకా వేసుకున్న ఇంట్లోనూ తల్లి వచ్చిన ఇంటి పథ్యమే. చేతి మీద పుండు మానేదాకా పొయ్యి మీద నూనె కాగకూడదు, తాలింపు చప్పుడు వినపడకూడదు, మాంసం ముట్టకూడదు, ఇంకొకరింట్లో విస్తరి ముందు కూర్చోకూడదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. జర్మనీ పోయే మనిషికి అన్నం పెట్టాలని బోధన్‌లో సగం ఊరు కాచుకుని ఉంది. స్టోర్సు క్లర్కు ఇంట్లో మటన్, డ్రాయింగు సెక్షనాయన ఇంట్లో కోడి, చందూర్‌లో మేనమామ ఇంట్లో ఏకంగా మేకపోతు. పుండు మానేసరికి ప్రయాణం ముంచుకొస్తుంది. ఇన్ని విందులు వదులుకునే మనిషి జర్మనీ పోయి మాత్రం ఏం సాధిస్తాడు?

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో రాజేశ్వర్ అనే కాంపౌండర్ ఉన్నాడు. దూరపు చుట్టం. అతని దగ్గర ఒక స్టాంపు ఉండేది. అది ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దానితో పని పడేది కదా.

“సూది గుచ్చేది చేతికి, స్టాంపు గుద్దేది కాయితానికి. జర్మనీల వాళ్లు చూసేది కాయితమే అన్నా,” అన్నాడు రాజేశ్వర్.

కార్డు తెచ్చి మార్కండేయ దేవుడి పటం ముందు పెట్టాడు. చందూర్ విందుకు కట్టుకుందామని శంకరమ్మ గద్వాల చీర అప్పటికే బయటికి తీసి పెట్టింది.

విందులు మొదలయ్యాయి. మార్కండేయ ముఖం నున్నగా తేలింది, బెల్టుకు ఇంకో బెజ్జం వేయించాల్సి వచ్చింది. ఎవరింట్లో ఎన్ని ముక్కలు వేశారో, ఎవరు చారుతో సరిపెట్టారో దారి పొడుగునా భార్యకు తీర్పులు చెప్పేవాడు. పిలవనివాళ్లు ఎవరో కూడా గుర్తుపెట్టుకున్నాడు. వాళ్లలో మొదటి పేరు ఆయన షడ్డకుడు రాజారాందే.

రాజారాంకు ఎడపల్లిలో కిరాణా కొట్టుంది. అతని భార్య గంగమణి శంకరమ్మకు సొంత అక్క. ఆ ఇంటి నుంచి పిలుపు రాకపోగా, చెరుకు బండి తోలుకుని వచ్చినాయనతో ఒక కబురు వచ్చింది. ఇప్పుడు మా ఇంటికి రాకండి, అంతే. ఎందుకో అందులో లేదు.

“ఎందుకేంది, కడుపుమంట,” అన్నాడు మార్కండేయ. “నేను విమానమెక్కుతుంటే ఆయన బెల్లం తూసుకుంట కూసున్నడు. సూడబుద్ధయితలేదు.”

శంకరమ్మ ఆ కబురునే మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంది. అక్క అలా కబురు పెట్టే మనిషి కాదు. కారణం చెప్పకుండా రావద్దని ఎప్పుడంటారో ఆమెకు తెలుసు, ఆ జిల్లాలో ఏ ఆడదానికైనా తెలుసు. కానీ అది పైకి అనాలంటే పేరు పలకాలి. ఇంకో వారం ఆగుదామంది. ఆయన ఆగలేదు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని మొదటి బస్సుకే ఎడపల్లి బయలుదేరదీశాడు.

కొట్టు మూసి ఉంది. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గంగమణి తలుపు సగం తెరిచి, ఇద్దరినీ చూసి, ఏడవలేక నిలబడింది. రమ్మనలేదు. మార్కండేయ ఆ అవమానాన్ని కూడా లెక్కలో వేసుకుని, ఆమెను దాటి లోపలికి నడిచాడు. ఇల్లంతా పసుపు, వేపాకు, వాటి అడుగున ఇంకేదో వాసన. నడింట్లో దండెం మీద పాత చీర అడ్డం వేలాడుతోంది. దాని వెనక మంచం కిర్రుమంది.

“అన్నా, బయటికి రాకుంటె నేనే అస్త. వీసా ఎట్లుంటదో చూద్దువు,” అంటూ ఆయన ఆ చీర పక్కకు లాగి, మంచం పట్టె మీద కూర్చున్నాడు.

కూర్చున్నాక చూశాడు. వేపాకుల మీద పడుకున్నది రాజారామే అని చేతి ఉంగరాన్ని బట్టి తెలిసింది. ముఖాన్ని బట్టి తెలిసే వీలు లేదు. రాజారాం చెయ్యెత్తి ఆయన్ను దూరంగా నెట్టబోయాడు, ఆ చెయ్యి మార్కండేయ అంగీకి అంటుకుని కిందికి జారింది.

“అందుకే గదనే రావద్దన్న,” అంది గంగమణి చెల్లెలితో, చాలా నెమ్మదిగా.

తిరుగు బస్సులో మార్కండేయ జర్మనీ మాట ఎత్తలేదు. శంకరమ్మకు పెళ్లయినప్పటి నుంచి అంత నిశ్శబ్దంగా జరిగిన ప్రయాణం అదొక్కటే. ఇంటికి రాగానే ఆ అంగీ ఉడకబెట్టింది, అయినా నమ్మకం చాలక ఆరాక కాల్చేసింది. రాత్రికి అన్నంలో ఉప్పు తప్ప ఏమీ వేయలేదు. ఆయన వద్దనలేదు.

మరునాడు ఆమె స్వయంగా రాజేశ్వర్ దగ్గరికి పోయింది. ఇప్పుడు సూది వేస్తే పనిచేస్తుందా అని అడిగింది. తొందరగా వేస్తే చెయ్యొచ్చన్నాడతను, స్టాంపు ఉన్న సొరుగు వైపు చూస్తూ. కానీ ఇప్పుడు పుండు లేస్తే, కార్డు మీది తారీఖుకూ ఆ పుండుకూ పొత్తు కుదరదు. ఎవరైనా అడిగితే తన పేరు రావద్దన్నాడు. ఆ మాట ఆమె తెచ్చి చెప్తే, మార్కండేయకు చాలా ధైర్యం వచ్చింది. సూదే ప్రమాదమని తేలిపోయింది కదా.

పైగా ఆదివారం ఆఫీసరు ఇంట్లో విందు ఉంది. అక్కడ తాలింపు వేసిన కూర వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పలేక ఆయన పోయి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రాజారాం పోయాడని కబురు వచ్చింది. చావు మైల పడితే మిగతా విందులు ఆగిపోతాయి. మార్కండేయ ఆ కబురు తమకు ఇంకా అందలేదనుకుందామన్నాడు. శంకరమ్మ వంటింట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు అందనట్టు ఉండాలి కాబట్టి.

ప్రయాణం నాటికి ఆయన నడుం పట్టేసింది, ఒళ్లు సలసల కాగుతోంది. ఎండ అన్నాడు. చుట్టాల హడావుడి అన్నాడు. కొత్త బూట్లు అన్నాడు. ఫ్యాక్టరీ జీపులో నిజామాబాద్ చేరేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పోవద్దని శంకరమ్మ దారిలో రెండుసార్లు అడిగింది.

“ఇప్పుడు దిగితె బోధన్ల తలెత్తుకోని తిరుగుతమానే? నవ్విపోతరు,” అన్నాడు ఆయన.

చచ్చిపోతారన్న మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగింది. అది కూడా ఒక రకంగా పేరు పలకడమే.

ప్లాట్‌ఫారం మీద జనం కిటకిటలాడుతున్నారు. బొంబాయి వైపు పోయే మన్మాడ్ బండి వచ్చి నిలబడింది. ఆఫీసరు దండ వేసి, చెయ్యి పట్టుకుని, వదలకుండా ఉపన్యాసం చెప్పాడు. మార్కండేయ కోవా పేడాల డబ్బా విప్పి, ఒక్కొక్కరి నోట్లో తన చేత్తోనే పెడుతున్నాడు. ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా చెయ్యి వెనక్కి జరిగి, మణికట్టు లోపలివైపు చిన్న చిన్న ఎర్ర మచ్చలు కనపడుతున్నాయి. శంకరమ్మ తప్ప ఎవరూ అటు చూడలేదు. అందరి చూపూ పేడా మీదే ఉంది.

బండిలో కిటికీల దగ్గర కూర్చున్న మనుషులను ఆమె చూసింది. తర్వాత విమానంలోనూ ఇట్లాగే కూర్చుంటారు. ఆ పైన ఆ దేశంలో. అక్కడి కస్టమ్స్ వాళ్లు ఈయన సామానంతా విప్పి, ఒక్క గింజ దొరికినా తీసి పారేసి, ఈయనను మాత్రం నమస్కారం పెట్టి లోపలికి పంపిస్తారు.

స్టోర్సు క్లర్కుకు చూపించడానికి ఆయన జేబులోంచి పాస్‌పోర్టు బయటికి తీశాడు. శంకరమ్మ దాన్ని ఆయన వేళ్లలోంచి లాక్కుని, రవికలో దోపుకుని, కొంగు నిండా కప్పుకుంది.

ప్లాట్‌ఫారం మీద ఇంతమంది మగవాళ్లుండి, దాన్ని అక్కడినుంచి తీసే కానూను ఒక్కరికీ తోచలేదు. మార్కండేయ చెయ్యి సగం దాకా వచ్చి, ఆఫీసరు చూస్తున్నాడని ఆగిపోయింది.

“ఏమే, పిచ్చి లేసిందా? బండి పోతది.”

“పోనియ్యి,” అంది శంకరమ్మ. చివరి మనిషి దాకా వినపడింది. “మా బావను తల్లి తీస్కపోయింది. ఈయన పోయి మంచం మీద కూసున్నడు. సూది ఏయించుకోలే, కార్డు అబద్ధం. ఇగో, చెయ్యి సూడుండ్రి.”

కూత వేసి బండి కదిలింది. ఎవరూ చెయ్యి ఊపలేదు.

ఆఫీసరు తన కుడిచేతిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి ఇంకెవరిదో అన్నట్టుంది. నోట్లో పేడా ఉన్నవాళ్లకు మింగాలో ఉమ్మాలో అర్థం కాలేదు. కొందరు ఉమ్మారు, మర్యాదస్తులు మింగారు. చాలామంది అంతకుముందే తినేసి, వేళ్లు కూడా నాకేసుకున్నారు.

మార్కండేయ మెడలో దండలతో ట్రంకు పెట్టె మీద కూలబడ్డాడు. ఆయన చుట్టూ ఖాళీ పెరుగుతోంది. శంకరమ్మ పక్కన కూర్చుని, పళ్లు టకటకా కొట్టుకుంటున్న మొగుణ్ణి కొంగుతో కప్పింది. పెద్ద దవాఖానకు కబురు చేయమని ఆమె స్టేషను మాస్టరును కేకేస్తుంటే, మాస్టరు అప్పటికే ఆ కేక వినపడనంత దూరం పోయాడు.

జర్మనీకి ఇంక ఏ ప్రమాదమూ లేదు. సాగనంపడానికి వచ్చినవాళ్లు మాత్రం ఒకరినొకరు తోసుకుంటూ గేటు దాటి, ఎవరి ఊరి బస్సు వాళ్లు ఎక్కుతున్నారు. బోధన్‌కు, చందూర్‌కు, వర్నికి. కండక్టరు ముందుకు జరగండి జరగండి అంటూ ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నెడుతున్నాడు.