గుంతలో పడిన గొంతు

పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తగానే అమ్మడు చేసే మొదటి పని పెట్టెల మీద దుమ్ము దులపడం. రెండోది, నాన్నకి టీ పోసిచ్చి ఆయన నోరు మూయించడం. నాన్న పాత స్పీకర్లు బాగుచేసే మనిషి. టీ గ్లాసు చేతిలో ఉంటే తప్ప ఆయన మాట ఆగదు. కొలతలు తీసేటప్పుడేమో మాట ఆగి తీరాలి.

ఆ రోజు బల్ల మీదున్నది నలభై ఏళ్లనాటి చెక్క పెట్టె, ఒక రిటైరైన టీచరమ్మది. కింద ఊఫరు, బరువు గొంతు. పైన ట్వీటరు, సన్న గొంతు. రెండూ కలిసి ఒకే మనిషి పాడుతున్నట్టు వినపడాలి. కలిశాయో లేదో తెలుసుకోవడానికి ట్వీటరు వైర్లు తిరగేసి కడతారు. అప్పుడు రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. ఎదురుగా స్టాండు మీద పెట్టిన మైకు ఆ మోతని వింటుంది, కంప్యూటరు తెర మీద గీత అక్కడ గుంతలా దిగిపోతుంది. గుంత ఎంత లోతుకి దిగితే, వైర్లు మళ్లీ సరిగ్గా కట్టాక జోడీ అంత బాగా కుదిరినట్టు.

తిరగేసిన వైర్లతో పెట్టె మోగుతుండగా ఎవరైనా మాట్లాడితే వాళ్ల గొంతు ఆ గుంతలో పడిపోతుంది. ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఎదురు దుకాణం దర్జీ అలాగే పడేసుకున్నాడు. గుంత సరిపడా లోతు దిగకుండానే తొందరపడి వైర్లు మార్చారు, సగం గొంతే బయటికొచ్చింది. మిగతా సగం మరి రాలేదు.

పెట్టె గుయ్‌మని మొదలుపెట్టి, స్వరం పెంచుకుంటూ పెంచుకుంటూ ఈలలోకి వెళ్లింది. వైర్లు ఇంకా తిరగేసే ఉన్నాయి, ఈల మోగుతూనే ఉంది. నాన్న గ్లాసు కింద పెట్టి, "అయిపోయిందా అమ్మడూ?" అన్నాడు.

అనబోయాడు అనాలి. పెదాలు కదిలాయి, అంతే. కంగారుగా లేవబోయి మైకు స్టాండు పడదోశాడు.

అమ్మడు తెరకేసి చూసింది. తెర మీద గుంత లోతు ఇరవై ఎనిమిది పాయింట్లు. గొంతు ఎంత లోతులో పడిందో అంత లోతుకి మళ్లీ గుంత దింపి, అప్పుడు వైర్లు మార్చాలి. వైర్లు మార్చడం ఒక్కసారే, అదీ దుకాణం మూసేలోపు. కానీ మైకు ఏ ఎత్తులో, ఎంత దూరంలో ఉందో ఎక్కడా రాసుకోలేదు. నాన్న ఎప్పుడూ తన జానతోనే కొలిచి పెట్టేవాడు. వేలెడు తేడా వచ్చినా గుంత పూడిపోతుంది.

ఆయన చెయ్యి పట్టుకుని బల్ల మీద పరిచింది. పెట్టె నుంచి మైకు దాకా కొలిచింది. ఐదు జానలు. పెట్టె మోగించింది. గుంత లోతు పన్నెండు. మైకు కొంచెం దించింది. పదిహేను. ఇంకాస్త దించింది. తొమ్మిది. చెమటకి స్క్రూ జారిపోతోంది.

దర్జీ గుమ్మంలోకి వచ్చి, పెట్టె ఆగేదాకా నిలబడి, గుసగుసగా అన్నాడు: "తొందరపడకమ్మా. నన్ను చూడు, నడుం కొలత చెప్పినా ఎవరిదో రహస్యం చెప్పినట్టుంటుంది."

"బాబాయ్, నవ్వించకు. నాకు కాళ్లూ చేతులూ చల్లబడిపోతున్నాయి."

"నవ్వితే వణుకు తగ్గుతుందనే."

పంతొమ్మిది దగ్గర నాన్న చెయ్యెత్తాడు. చాలు, వైర్లు మార్చెయ్ అని సైగ. ముప్పై ఏళ్లుగా చెవితోనే జోడీలు కుదిర్చిన మనిషి, తెరకేసి చూడనైనా చూడడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కళ్లెర్రజేసి వైర్ల మీదకి చెయ్యి పోనిచ్చాడు.

బుద్ధెరిగాక మొదటిసారి ఆమె ఆ చెయ్యి తోసేసింది.

"నాన్నా, ఈల మోగుతుండగానే మాట్లాడావు. అయిపోయిందనుకున్నావు. నీకది వినపడలేదు." ఆమె వైర్లకి అడ్డంగా నిలబడింది. "ఏడాది నుంచీ నీకు సన్న గొంతులు వినపడట్లేదు. నువ్వు కుదిర్చిన పెట్టెలన్నీ, నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు నేను మళ్లీ కుదురుస్తున్నాను."

దర్జీ నేలచూపులు చూశాడు. నాన్న వైర్ల మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత వెళ్లి స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇరవై రెండు. ఇరవై అయిదు. మైకుని కాగితం మందం జరిపింది. ఇరవై ఏడున్నర. ఇంకో కాగితం మందం జరిపితే పెరగొచ్చు, మొత్తం పూడిపోనూవచ్చు. ఆమె వేళ్లు స్క్రూ మీద ఆగాయి. అక్కడే ఆపి వైర్లు మార్చింది.

ఊఫరూ ట్వీటరూ ఒక్క గొంతై పలికాయి: "అయిపోయిందా అమ్మడూ?" మరుక్షణం అదే మాట నాన్న నోటినుంచి వచ్చింది. ఆమె పెట్టెకి ఆనుకుని ఏడ్చేసింది.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. కళ్లు మూసుకుని తన పెట్టె విని, "ఎంత బాగా కుదిరిందండీ! ఎవరు చేశారు, మీరేనా?" అంది.

నాన్న నోరు తెరిచాడు. "నేనే" అనే మాట పెదాల దాకా వచ్చింది, చప్పుడు లేదు. గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు.

"మా అమ్మాయి," అన్నాడు చివరికి. అది మాత్రం ఖంగుమని వచ్చింది.

అర పాయింటు లోతులో ఉండిపోయిన "నేనే" అన్న ఆ ఒక్క మాట ఆయనకి మళ్లీ పలకలేదు. వచ్చినవాళ్లు ఇప్పుడు నేరుగా అమ్మడినే అడుగుతారు. ఆయన వైర్లు చుట్టలు చుడుతూ పక్కన కూర్చుంటాడు. ఆమెకి మాత్రం మైకు స్క్రూ మీద చెయ్యి పడ్డ ప్రతిసారీ ఆ రోజు గుర్తొస్తుంది. ఆ అర పాయింటు భయపడి వదిలిందో, కావాలనే వదిలిందో ఆమెకే తెలీదు. నాన్న ఇంతవరకూ అడగలేదు.