తరగని సెమీకోలన్లు

మా ఆయన హనోకు ఇరవై రెండేళ్లు సీసం అక్షరాలు ఏరిన మనిషి. అనకాపల్లిలో దేవీప్రసాద్ గారి ప్రెస్సులో కంపోజిటర్. శుభలేఖ నుంచి బెల్లం కొట్టు బిల్లు పుస్తకం దాకా, గళ్ల పెట్టెలోంచి ఒక్కో అక్షరం తీసి పేర్చడం, అక్షరాలు లెక్కకే ఉంటాయి గనక అచ్చయ్యాక మళ్లీ దేని గడిలో దాన్ని సర్దడం ఆయన పని. ఇంట్లో మాత్రం ఆయన తువ్వాలు ఏ రోజూ దాని మేకుకి చేరదు.

2005 వేసవిలో దేవీప్రసాద్ గారు ప్రెస్సుకి కంప్యూటరు కొన్నారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుల్లో లినక్సు ఊరికే వస్తుందని తెలిశాక ఇంకే ఆలోచనా లేకుండా అదే వేయించారు.

"హనోకూ, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రోగ్రాముల పుస్తకం వచ్చింది. నలభై పేజీలు. శనివారానికి దీని మీద కొట్టి ఇచ్చేవంటే ఇక్కడే ఉంటావు. లేదంటే సీసం తుక్కుకి పోద్ది, నువ్వు ఇంటికి పోతావు" అన్నారు.

నేను బీకాం చదివి, పెళ్లికి ముందు ఆర్నెల్లు కంప్యూటరు కోర్సు చేసినదాన్ని. ఆ సర్టిఫికెట్టు పదకొండేళ్లుగా బీరువాలో చీరల కింద పరుచుకుని ఉంది. సోమవారం అన్నం కేరేజీ పట్టుకుని నేనూ ప్రెస్సుకి వెళ్లాను.

మొదటి పేజీ వెంట్రుకల్తో రాసినట్టు సన్నగా అచ్చయింది. ఇన్‌స్టిట్యూట్ మాస్టారు బెన్‌హర్ గారు దాన్ని వెలుగుకి పెట్టి చూసి, ఒక సీడీ, చేత్తో రాసిన కాగితం ఇచ్చారు. "ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసమే చేసిన అక్షరాల ఫాంటు అమ్మా. ఇది ఎక్కించి కొట్టండి."

కాగితంలో ఉన్నట్టే చేశాను. చుక్కతో మొదలయ్యే పేరుతో ఒక ఫోల్డరు చెయ్యాలి. చెయ్యగానే అది మాయమైంది. చుక్క పెడితే కంటికి కనబడదని కాగితం కింద రాసి ఉంది, చెప్పాల్సింది పైన చెప్పకుండా. కనబడని ఆ అరలో ఫాంటుని పెట్టి, నల్ల తెర మీద ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కాను.

ఏమీ జరగలేదు.

"అయిపోయిందేటి?" అన్నారాయన.

"ఏమో. చర్చిలో ప్రార్థన అయ్యాక కూడా ఇలాగే ఉంటుంది కదా."

పేజీ మళ్లీ తెరిచి కొత్త ఫాంటు ఎంచాను. తెరంతా ఒక్కసారి కదిలి నిలబడింది. అప్పటిదాకా చీమల బారులా ఉన్న ప్రోగ్రాము, బడిపిల్లలు ప్రేయరుకి నిలబడ్డట్టు ఒక లైను కింద ఒక లైను సర్దుకుంది. సున్నా మధ్యలో చుక్క. నా చేత్తో జరిగిందని నాకే నమ్మకం కుదరలేదు.

మా ఆయన లేచి, అక్షరాలు పేర్చే ఇనప స్టిక్కు తెచ్చి తెర అద్దానికి ఆనించి కొలిచారు. మళ్లీ కొలిచారు.

"ఇంగ్లీషు ఐకీ ఎమ్ముకీ ఒకటే గది ఇచ్చేడే రోజీ! ఐ వెలితిగా లేకండా కింద పీటేసేడు. ఎమ్ముకి నడుం నొక్కేడు, ఊపిరాడకండా కాదు, సూడు. ఇది సేసినోడెవడో మావోడేనే. సీసం ముట్టుకోపోయినా మావోడే."

ఆయన కళ్లలో నీళ్లు. పెళ్లినాడు కూడా నన్నలా చూడలేదని అందామనుకుని ఊరుకున్నాను.

తరవాత నెమ్మదిగా అడిగారు. "ఒక్కోటీ ఎన్నేసి వచ్చేయే?"

నవ్వాపుకున్నాను. "ఎన్నుంటే అన్నే. చూసుకుని వాడండి."

"ఈ పుస్తకం నిండా సెమీకోలన్లేనే" అన్నారు దిగులుగా.

గురువారం పొద్దునకి ఆయనే నలభై పేజీలూ కొట్టి అచ్చు తీసేశారు. పదకొండు గంటలకి బెన్‌హర్ గారు పదిహేడు పేజీల్లో ఎర్ర సిరాతో దిద్దుబాట్లు పెట్టి తెచ్చారు. ఎంతసేపు, అరగంట పని అనుకుంటూ కూర్చున్నాను. మూడో పేజీ ఫైలు తెరిస్తే ఖాళీ. ఏడోది ఖాళీ. అన్నీ ఖాళీ.

"ఏవండీ, ఇందులో ఉన్నదంతా ఏమైంది?"

"సద్దీసేను" అన్నారు గర్వంగా. "అచ్చవగానే చెరిపీసి సేవ్ కొట్టీసేను. నేకపోతే వెనకాల పేజీలకి అచ్చరాలు ఎక్కణ్ణించి వత్తాయి?"

దేవీప్రసాద్ గారు కుర్చీలోంచి లేచారు. "హనోకూ, శనివారం అంటే ఎల్లుండి!"

"తప్పు ఆయనది కాదండీ" అన్నాను. "నేనే వేళాకోళానికి చూసుకుని వాడమన్నాను."

మా ఆయన నా మీద కోప్పడతారని చూశాను. కోప్పడినా బాగుండేది. కుర్చీ లాక్కుని, ఖాళీ పేజీ మీద సెమీకోలన్ మీట నొక్కి పట్టుకున్నారు. ఒక లైను నిండింది, పది లైన్లు, పేజీ దాటింది. వేలు తియ్యలేదు.

"తరగవా?" అన్నారు.

"తరగవండి."

"ఎంతమంది వాడుకున్నా?"

"ఎంతమందైనా. ఫాంటు చేసినాయన ఊరికే ఇచ్చేశాడట."

"ఇరవై రెండేళ్లే" అన్నారు. "శుభలేఖకి 'ఇ' సాలక పెళ్లికూతురి పేరు మార్సమని అడగబోయేను ఒకసారి."

చేతులు జేబురుమాలుతో తుడుచుకుని మొదలెట్టారు. సోమవారం నుంచీ ఒక్కో మీట నొక్కేముందు ఆయన వేలు ఎందుకు ఆగేదో అప్పుడు తెలిసింది నాకు. ఇప్పుడు ఆగలేదు. నేను ఎర్ర సిరా చదివి చెబుతుంటే, నా నోటికంటే ముందు ఆయన వేళ్లు పోతున్నాయి. బ్రాకెట్టు తెరిస్తే మూసేదాకా తల ఎత్తలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి పదిహేడూ అయిపోయాయి. ఒక్క తప్పు లేదని బెన్‌హర్ గారు సంతకం పెట్టారు.

దేవీప్రసాద్ గారు కాగితాలు తిరగేసి, చివరి పేజీ దగ్గర ఆగారు. ప్రోగ్రాము అయిపోయిన చోట, ఈ చివరినుంచి ఆ చివరి దాకా మూడు వరసలు నక్షత్రాలు.

"ఇదేటి హనోకూ? అడగనివి ఎందుకు పెట్టేవు?"

"ఉన్నాయి కదండీ బాబూ" అన్నారు మా ఆయన.

దేవీప్రసాద్ గారు వాటిని వేలితో తడిమి చూశారు, సీసంలా తగుల్తాయేమోనని. "ఉండనీ" అన్నారు. "సోమవారం తొమ్మిదింటికి వచ్చేయ్."