మనవాళ్ల హాలు

టీలో అల్లం కాస్త గట్టిగా వెయ్యమని ముందుగదిలోంచి సందీప్ కేకేశాడు. అపార్ట్‌మెంట్ కమిటీ కూర్చుందంటే హిమబిందు పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. అసోసియేషన్‌కు సెక్రటరీ అయిన రోజు, "కమ్యూనిటీ హాలు శుభ్రం మనం చూసుకుంటామండీ" అని అతను గొప్పగా ఒప్పుకొచ్చాడు. సందీప్ నోట 'మనం' అంటే హిమబిందు అని అర్థం. అప్పటి నుంచి హాలు తాళంచెవి ఆమె వంటింటి మేకుకే వేలాడుతోంది.

కప్పులు పట్టుకొచ్చేసరికి గుమ్మంలో కింది వాటా షాహెదా నిలబడి ఉంది. వాళ్ల అత్త పొద్దున ఆసుపత్రిలో పోయింది. శవం గేటు బయట వ్యానులో ఉంది.

"అన్నా, అత్తమ్మకు ఆఖరి స్నానం చేయించాలె. మా బాత్రూంల బల్ల పట్టది. హాల్ వెనక నల్లా కాడ జర జాగ ఇయ్యిన్రి. ఆడోళ్లమే ఉంటం, మళ్ల మేమే కడిగి పోతం."

"హాలు శుభకార్యాలకే కదమ్మా" అన్నాడు సందీప్.

"ఎల్లుండి మా బిడ్డ శ్రీమంతం ఆడనే పెట్టుకున్నం" అన్నాడు పై వాటా రామ్‌కిషన్. "మైలపడ్డ హాల్ల ఎట్ల జేస్తం? అండ్ల మనోళ్లు గూడ కాదాయె."

మైల. హిమబిందు ఆఖరి కప్పు రామ్‌కిషన్ ముందు పెట్టింది. డిసెంబరు ముప్పై ఒకటిన ఈ మనవాళ్లే ఆ హాల్లో తాగి, గోడవారగా కక్కుకున్నారు. తెల్లారి ముక్కుకు చెంగు కట్టుకుని, బొమికలు ఏరి, ఆ కక్కు గోకి గోకి కడిగింది తనే. "పండగన్నాక ఉంటాయిలే" అన్నాడు సందీప్, మంచం దిగకుండానే. పక్కలో మూత్రం పోసుకునే అత్తగారిని చివరిదాకా ఎత్తి కడిగినప్పుడూ ఎవరూ మైల అనలేదు. "నీ చేతి పుణ్యం" అన్నారు. ఆడదాని చేతికి అంటినంతవరకు అది సేవ. కింద షాహెదా కూడా తన అత్తను అలాగే చూసుకుంది. మేడ మీద తీగకు ఇద్దరి దుప్పట్లూ పక్కపక్కనే ఆరేవి.

షాహెదా కదల్లేదు. సందీప్ పెద్దమనిషి గొంతు పెట్టాడు.

"రూలు రూలేనమ్మా. అద్దెకున్నవాళ్లకి ఇవ్వలేం. ఎవరైనా ఓనరు పూచీ పడితే అప్పుడు చూద్దాం."

పూచీ పడేవాడు లేడని తెలిసిన ధైర్యం అది. కమిటీ మొత్తం కప్పుల్లోకి చూసింది. హిమబిందుకు రోత పుట్టింది. వీళ్లకా తను ఇంతసేపూ అల్లం దంచింది? ఈ మనిషి పక్కనా ఇన్నేళ్లూ పడుకుంది?

"నువ్వు లోపలికెళ్లి బిస్కెట్లు పట్రా" అన్నాడు సందీప్, ఆమె చూపు గమనించి.

వెళ్లింది. ఆడవాళ్ల పేరైతే లోను వడ్డీ తగ్గుతుందని ఈ ఫ్లాటు ఆమె పేర రాయించిన రోజు, "కాగితం మీదేలే, సంతకం పెట్టు" అన్నాడతను. పెట్టింది. ఓనర్ల మీటింగుకు మాత్రం ఒక్కసారీ పిలవలేదు. మేకు మీది తాళంచెవి తీసింది. పక్కనున్న బకెట్టు కూడా తీసింది.

"ఏవండీ, ఈ ఫ్లాటు ఓనర్ని నేను. పూచీ నాది" అని, అతని మొహం చూడకుండానే చెప్పులేసుకుంది. "పద షాహెదా, నీళ్లు పడదాం. హాలు మనం చూసుకుంటాం."