తొమ్మిది పట్టీలు

సుద్ద పూసిన తాడును రెండు కొసలా బిగించాక, మధ్యలో రెండు వేళ్లతో పైకెత్తి వదిలాడు గీతలాయన. తాడు రోడ్డును ఠప్పున కొట్టింది. నల్లటి తారు మీద తెల్లగా, సన్నగా ఒక చార పడింది.

"వచ్చిందా అన్నా?" అంది రెండో కొస పట్టుకున్న ఆమె. ఏళ్ల తరబడి సుద్దపొడిలో చేతులు పెట్టీ పెట్టీ ఆమె అసలు పేరు జనం మరిచిపోయారు. సుద్దమ్మ అంటారు.

"వచ్చింది. నీ వైపు వేలెడు జరిగావు."

"నేను జరగలేదు. రోడ్డే జరిగిందేమో."

"జరుగుతుంది. మన ఆఫీసులో ఫైళ్లు తప్ప అన్నీ జరుగుతాయి."

ఆసుపత్రి గేటు ముందున్న ఇరుకు రోడ్డు అది. రోగులు దాటడానికి జీబ్రా పట్టీలు వెయ్యాలి. పెద్ద రోడ్లకు గీతలు గీసే మిషన్ ఇక్కడ తిరగదు కాబట్టి గీతలాయనకు కబురు వచ్చింది. మోకాళ్లకు లారీ ట్యూబు ముక్కలు కట్టుకుని, తారు మీద వంగి కూర్చున్నాడు. మోచేతులు కాయలు కాచిపోయి ఉన్నాయి. కనుబొమ్మల్లో తెలుపు వయసుదో, రంగుదో చెప్పడం కష్టం. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఎవరైనా చెప్పగలరు.

అంచులకు అంటించే కాగితపు టేపు ఇవ్వడం ఆఫీసు వాళ్లు మానేసి మూడేళ్లయింది. అడిగితే "నీ చెయ్యి ఉండగా టేపెందుకు పెద్దాయనా" అంటారు. పొగిడి పని పిండుకునే వాళ్లను చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే ఆ చెయ్యి ఇప్పుడు పాత చెయ్యి కాదు. పోయిన వానాకాలం నుంచి వణుకుతోంది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా తాగుతుంది. ఇంజనీరు అది చూశాడు. "ఈ ఒక్కటీ వేసెయ్. సోమవారం నుంచి గోడౌన్లో బకెట్లు కడుగుదువుగాని" అన్నాడు, వరమిస్తున్నట్టు. అంటే ముప్పై ఒక్కేళ్ల పనిలో ఇదే ఆఖరు.

ఆ ఆఖరిదాన్ని భార్యకు చూపించాలని ఆయన పట్టుదల. ఇన్నేళ్లలో ఆవిడ ఆయన గీసిన గీత ఒక్కటి కూడా పనిగట్టుకుని చూసింది లేదు. ఆయనా ఎప్పుడూ రమ్మనలేదు.

ఆవిడ ఒక క్యాంటీన్లో ప్లేట్లు కడుగుతుంది. ఆవిడకొక అలవాటుంది. ఇంట్లో ఏ చిన్న పని గట్టెక్కినా టీ పెడుతుంది. కారే కుళాయి ఆగితే టీ. పోయిన తాళంచెవి దొరికితే టీ. పక్కింటామెతో మాటా మాటా వచ్చి ఆఖరి మాట తనదైతే, అప్పుడు చెరి రెండు గ్లాసులు. "మన బతుక్కి సంబరాలు కూడానా" అని ఆయన విసుక్కునేవాడు. "పెద్ద గెలుపు వచ్చేదాకా ఆగితే ఈలోగా పాలు విరిగిపోతాయి" అనేది ఆవిడ.

ఈ పొద్దున బయల్దేరుతూ ఆయనే అన్నాడు. "రెండింటికి నీ పని అయిపోతుంది కదా. రెండున్నరకి ఆసుపత్రి గేటు దగ్గరికి రా."

"ఎవరికి ఏమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఫ్లాస్కులో టీ పట్టుకురా."

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ఇప్పుడు ఆయన కుడి మోచేతిని మోకాలికి ఆనించి నొక్కిపెట్టాడు. ఊపిరి పూర్తిగా వదిలేశాక, మళ్లీ పీల్చే లోపు వణుకు కాస్త ఆగుతుంది. ఆ సందు ఆయన రెండు నెలలు ఇంటి వెనక గోడ మీద నీళ్లతో గీసి గీసి కనిపెట్టాడు. ఆ సందులోనే బ్రష్షు లాగాలి. జానెడు లాగితే ఊపిరి అందదు. ఆగాలి, మళ్లీ వదలాలి, మళ్లీ జానెడు. తొమ్మిది పట్టీలు, పద్దెనిమిది అంచులు.

నాలుగో పట్టీ మీద ఉండగా ఒక స్కూటరువాడు అడ్డుపెట్టిన డబ్బాలు తప్పించుకుని తడి రంగు పక్క నుంచి దూసుకొచ్చాడు.

"కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడు గీతలాయన.

"రోడ్డు నీ బాబుదా?"

"కాదు. నీలాంటోళ్లందరిదీ. అందుకే ఇలా ఉంది."

పన్నెండు దాటేసరికి పద్దెనిమిదో అంచు అయింది. సుద్దమ్మ ఒక పక్కన చతికిలబడి, ఒక కన్ను మూసి, పట్టీల వెంట చూసింది. "అన్నా, వణుకు నీకా రోడ్డుకా?" అంది. ఆయన నవ్వలేదు గానీ లోపల ఏదో నిటారుగా లేచి నిలబడింది.

అప్పుడు ఇంజనీరు కారులో వచ్చాడు. ఆఫీసు గోడకు ఈమధ్య ఒక బోర్డు పెట్టారు. దాని మీద ‘ఈ వారం మన గెలుపులు’ అని రాసి ఉంటుంది. దానికి ఫోటో కావాలట. పట్టీల ముందు నిలబడి డ్రైవరు చేతికి ఫోనిచ్చాడు.

"పెద్దాయనా, కొంచెం పక్కకి జరుగు. నీడ పడుతోంది."

ఆయన జరిగాడు. ఇంకొంచెం జరగమన్నారు. మురిక్కాలువ దాకా జరిగాడు. ఫోటో వచ్చింది. కారు పోయింది. ఆయన మాత్రం కాలువ గట్టు మీదే నిలబడి, పన్ను మీద పన్ను వేసి నూరుతూ చాలాసేపు ఉండిపోయాడు.

రెండింటికి లారీ వచ్చింది. అందులోంచి గొట్టాలు, గునపాలు, రోడ్డు పగలగొట్టే మిషన్, ఆరుగురు మనుషులు దిగారు. వాళ్ల మేస్త్రీ కొలతల టేపు తీసి సరిగ్గా పట్టీల మీదుగా, రోడ్డు అవతలి అంచు నుంచి గేటు దాకా పరిచాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు గీతలాయన.

"ఆసుపత్రికి నీళ్ల గొట్టం. ఇదిగో ఆర్డరు."

సుద్దమ్మకు చదువు వచ్చు. కాగితం తీసుకుని చూసింది. అడుగున సంతకం ఇంజనీరుదే. తారీకు పది రోజుల కిందటిది.

గీతలాయనకు ఒళ్లు భగ్గుమంది. ఆసుపత్రికి నీళ్లు వద్దని ఎవడంటాడు? నిన్న తవ్వి, ఇవాళ గియ్యమంటే ఏం పోయింది? సుద్దమ్మ ఫోను తీసుకుని ఇంజనీరుకు చేశాడు.

"సార్, గొట్టాలోళ్లు వచ్చారు. పొద్దున వేసిన పట్టీ తవ్వేస్తామంటున్నారు."

"అవును పెద్దాయనా, ఉంది ఆ పని. పర్లేదు, ఫోటో తీసుకున్నాం కదా."

"ఫోటో మీద రోగులు నడుస్తారా సార్?"

"గుంత పూడ్చాక మళ్లీ వేయిస్తాంలే."

"ఎవరితో?"

ఇంజనీరు ఫోను పెట్టేశాడు.

ఆయన ఫోను తిరిగి ఇచ్చేసి, నడిచి వెళ్లి అయిదో పట్టీ మీద కూర్చున్నాడు.

"లే పెద్దాయనా. మాకూ పైనుంచి తిట్లు పడతాయి" అన్నాడు మేస్త్రీ.

"రెండున్నర దాకా ఆగు."

"రెండున్నరకి ఏముంది?"

"నా భార్య వస్తుంది."

మనుషులు నవ్వారు. "పెళ్లిచూపులా?" అన్నాడొకడు.

"అలాగే అనుకో. కాస్త ఆలస్యమైంది, అంతే. ముప్పై ఒక్కేళ్లు."

మేస్త్రీ నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పని ఆపడం నా చేతిలో లేదు. ఒక్కటి చేస్తాను. అవతలి కొస నుంచి మొదలెడతా. గేటు వైపువి ఆఖర్న. ఆవిడ వచ్చేసరికి ఎన్ని మిగిలితే అన్ని."

మిషన్ మొదలైంది. తొమ్మిదో పట్టీ అప్పడంలా పగిలింది. అరగంట ఊపిరి బిగబట్టి వేసింది, రెండు నిమిషాల్లో పెళ్లలై పక్కకు దొర్లింది. ఎనిమిదోది పోయింది. ఏడోది పోయింది. గీతలాయన లేచి గేటు వైపు వచ్చి వీధి మలుపు కేసి చూస్తూ నిలబడ్డాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి. ఇప్పటి వణుకు జబ్బుది కాదు. ఆరోది పోయింది. ఆయన కూర్చున్న అయిదోదీ పోయింది.

ఆవిడ వచ్చేసరికి నాలుగు పట్టీలున్నాయి.

చంకలో ఫ్లాస్కు, చేతిసంచీలో గ్లాసులు. నానీ నానీ ముడతలు పడిన వేళ్లు ఇంకా ఆరలేదు. గుంతను చూసింది, మొగుడి మొహం చూసింది.

"ఇవేనా?"

"ఇవే. మధ్యాహ్నానికి తొమ్మిది ఉన్నాయి."

ఆవిడ వంగి ఒక అంచు వెంట వేలు పోనిచ్చింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఒక్కో పట్టీ మీద ఒక్కో అడుగు వేస్తూ గుంత అంచు దాకా వెళ్లి, తిరిగి వచ్చింది.

"ఆ మూడోది చివర్న కొంచెం లావైంది" అంది.

ఆయన చూశాడు. నిజమే. "అక్కడ ఊపిరి పీల్చేశాను."

"మిగతావి దారం లాగినట్టున్నాయి." ఆ మాట అంటూ ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పింది. "మేస్త్రీ, నీకూ మీవాళ్లకీ పోస్తాను గానీ, ముందు ఆ మిషన్ నోరు ముయ్యించు."

మిషన్ ఆగింది. గ్లాసులు చాలక ఇద్దరికొకటి చొప్పున తాగారు. సుద్దమ్మ, మేస్త్రీ ఒకే గ్లాసు పంచుకున్నారు. గీతలాయన చేతిలో టీ తొణికి మణికట్టు మీద పడింది.

"ఇంకా మండుతోందా?" అంది ఆవిడ.

"మండుతోంది."

"మండనీ. ఆర్పుకోకు. టీ మాత్రం చల్లారకముందు తాగు."

తాగాక ఆయన మోకాళ్లకు కట్టుకున్న ట్యూబు ముక్కలు విప్పాడు. బ్రష్షును కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి సుద్దమ్మకు ఇచ్చాడు.

"సోమవారం బకెట్ల దగ్గర నువ్వు లేకపోతే నన్నడుగుతారు. ఏం చెప్పమంటావు అన్నా?"

"బకెట్లకి ఫోటో తీసుకోమను."

భార్యాభర్తలు వీధి మలుపు దాకా నడిచారు. ఆయన వెనక్కి తిరగలేదు. వాళ్లు కనిపించినంతసేపూ మేస్త్రీ మిషన్ వెయ్యనివ్వలేదు. తర్వాత వేశారు.

నాలుగింటికి గుంత గేటును చేరింది. అక్కడ రోడ్డు కొంచెం వాలు. గొట్టాలు దింపుతుంటే లారీ వెనక్కి జారబోయింది. డ్రైవరు గబగబా దిగి, పెళ్లల కుప్పలోంచి చేతికందిన ముక్క ఒకటి తెచ్చి వెనక చక్రం కింద తోశాడు. సగం నలుపు, సగం తెలుపు. ఆ రెంటికీ మధ్య అంచు, టైరు కిందికి వెళ్లేదాకా, ఎక్కడా వంకర లేదు.