వందలో ఎందరు

మామిడి పూత చూసి దిగుబడి చెప్పడం నా పని. నూజివీడు చుట్టుపక్కల ఏ తోటలోనైనా ఒక్కసారి తిరిగొస్తే చాలు, మే నెలలో ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పగలను. పైకి మాత్రం అంత చెప్పను. ఇరవై టన్నులు కనిపిస్తే రైతుతో పన్నెండున్నర అంటాను, అదీ నసుగుతూ. ఆ అర ఉంటే లెక్క కట్టి చెప్పినట్టుంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఇలా తోటల కాపు కొంటున్నవాణ్ణి, ఎదుటివాడు చెప్పే అంకెను ఎలా నమ్ముతాను?

అందుకే డాక్టర్ షీబా "యాభై ఐదు" అనగానే నాకు ఒళ్లు మండింది.

నా భార్య వరలక్ష్మికి రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది, గుటక పడటం లేదు. బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. ముక్కులోంచి వేసిన గొట్టాన్ని రెండుసార్లు పీకేసింది. ఇక పొట్టకి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి గొట్టం వెయ్యాలన్నారు. దానికి ఆమె ఒప్పుకోవడం లేదు.

విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు ఆమె వయసు, బరువు, రక్తంలో ప్రోటీను, ఇంకా ఏవేవో కంప్యూటర్లో కొట్టి చూసింది.

"ఇలాంటి పేషెంట్లు వందమందికి గొట్టం వేస్తే, ఏడాది తర్వాత యాభై ఐదుగురు ఉంటున్నారండీ. మీ ఆవిడ ఆ యాభై ఐదుగురిలో ఉంటారో లేదో నేను చెప్పలేను."

"వెయ్యకపోతే?"

"కొన్ని వారాలండీ."

చూశారా! యాభై అనలేదు, అరవై అనలేదు. నా అర టన్ను లాంటిదే ఆ ఐదు కూడా అనుకున్నాను. మమ్మల్ని ఒప్పించడానికి పెంచి చెప్పిందా? రేపు ఏదైనా అయితే తన మీదికి రాకుండా తగ్గించి చెప్పిందా? ఎటూ తేల్చుకోలేకపోయాను.

లిఫ్టు దగ్గర జి. కొండూరు ఆయనొకడు కలిస్తే అడిగాను. వాళ్ల నాన్నకీ ఈ గొట్టమే, నలభై చెప్పారట. వెళ్లి చూస్తే ఆ పెద్దాయన మా ఆవిడకంటే లావుగా, నిగనిగలాడుతూ ఉన్నాడు. మనిషికో అంకె ఇదెక్కడి లెక్క? మా అమ్మాయి మనోజ్ఞను డాక్టరు దగ్గరికి విడిగా పంపాను, ఆడపిల్లతో ఇంకో మాట చెబుతుందేమోనని. దానికీ యాభై ఐదే చెప్పింది. నా అనుమానం ఇంకా పెరిగింది. ఒకే మాట మీద అంత గట్టిగా నిలబడేవాళ్లను మా మార్కెట్లో నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేరుగా ఆవిడ గదిలోకే వెళ్లాను.

"డాక్టరుగారూ, మేం వ్యాపారస్తులం. నాతో అసలు లెక్క చెప్పండి. పెంచారా, తగ్గించారా?"

ఆవిడకి కోపం రాలేదు. స్క్రీను నా వైపు తిప్పింది. అక్కడా యాభై ఐదే ఉంది.

"పెంచితే నాకేంటండీ, తగ్గిస్తే నాకేంటి?" అంది. "ఇంతకీ ఆవిడకి మీరేం చెప్పారు?"

ఆ రోజు పొద్దున్నే వరలక్ష్మికి తొంభై అని చెప్పాను. "వందలో తొంభైమంది శుభ్రంగా ఉంటున్నారంట. పళ్ల వేళకి ఇంటికెళ్లిపోతాం" అన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసి, గోడవైపు తిరిగిపోయింది. సంతకం కోసం ఫారం చేతికిస్తే కింద పడేసింది. మొండితనం అనుకుని నేనూ విసుక్కున్నాను.

తిరిగి వార్డుకి వచ్చేసరికి వరలక్ష్మి మంచం మీద కూర్చుని ఉంది. ఎడమచేత్తో నోట్‌బుక్కు నా వైపు తోసింది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"తొంభై రైతులకి చెప్పే లెక్కా? నాకు చెప్పే లెక్కా?"

ప్రతి ఏడూ తోట చూసొచ్చి, చెప్పులు విడవకముందే అసలు టన్నులు ఆమె ఒక్కదానికే చెప్పేవాణ్ణి. ఆ అంకె మా గడప దాటేది కాదు. ఇన్నేళ్లలో ఆమెకు దొంగలెక్క చెప్పడం ఇదే మొదలు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. నిజం చెబితే ఉన్న కాస్త ఆశా పోయి, గొట్టం అసలే వద్దంటుందేమో. ఊరుకుంటే ఇక నా మాట ఏదీ నమ్మదు.

"యాభై ఐదు" అన్నాను. "వెయ్యకపోతే వారాలేనంట. నువ్వు లేకుండా నేనుండలేను వరం. అందుకే పెంచి చెప్పాను."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆమె నోట్‌బుక్కు లాక్కుని, మెల్లగా, ఒక్కో అక్షరమే రాసింది.

"మీరు తొంభై అన్నారని, పది కూడా లేదనుకున్నాను."

రాసి, ఫారం కోసం చెయ్యి చాచింది.